ముందు బస్సు కిరాయి, తర్వాతే ట్రోఫీ

మన దేశంలో ఫుట్‌బాల్ కప్పు పోటీలు డబ్బుల్లేక మూతబడుతున్నాయని ఎవరిని అడిగినా చెబుతారు. అది సగం నిజం. ఉన్న కాస్త డబ్బునూ ఫైనల్ రోజుకే ఖర్చుపెట్టి, మొదటి రౌండు ఆడాల్సిన చిన్న జట్లను వాటి మానాన వదిలేయడం మిగతా సగం. మొదటి సగం సంగతి సంఘాలు, ప్రభుత్వాలు, కంపెనీలు చూసుకోవాలి. రెండో సగం మాత్రం ఊరూరా టోర్నమెంట్లు నడిపే మనలాంటివాళ్ల చేతుల్లోనే ఉంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి రిటైరైన మనిషిని. కుర్రతనంలో జంటనగరాల బి డివిజన్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను. ఆట మానేశాక, లెక్కలు తెలిసినవాడినని సికింద్రాబాద్‌లో కింది డివిజన్ల జట్లకు జరిగే ఒక నాకౌట్ టోర్నమెంటుకు నన్ను కోశాధికారిని చేశారు. చందా పుస్తకాలు, రెఫరీల వోచర్లు, మైదానం అద్దె రసీదులు అన్నీ నా దగ్గరే ఉంటాయి. ఫుట్‌బాల్‌ను టచ్‌లైన్ పక్కన నిలబడి ఎంత చూశానో, ఖర్చుల ఖాతాలోనూ అంతే చూశాను. కప్పుకు చిల్లు ఎక్కడ పడుతోందో ఖాతాలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

వాకోవర్ అనే మాట పేపర్లో ఒక్క ముక్కలో అయిపోతుంది. మైదానంలో అది ఎలా ఉంటుందో చూడనివారికి చెప్పాలి. ఆదివారం పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లు సున్నం గీతలు గీసి, గోల్‌పోస్టులకు నెట్లు కట్టి ఉంచుతారు. ఒక జట్టు ఆటో ట్రాలీలో, బైకుల మీద వచ్చి చెట్టు కింద సంచులు దించుతుంది. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చిన సెక్యూరిటీ గార్డు ఒకడు, మెకానిక్ షెడ్డు యజమానిని బతిమాలుకుని పూట సెలవు తీసుకున్నవాడు ఒకడు. రెఫరీ టీమ్ లిస్టు తీసుకుని పేర్లు సరిచూస్తాడు, స్టడ్లు చూస్తాడు. అవతలి జట్టు రాదు. గడువు దాటేదాకా అందరూ గేటు వైపే చూస్తుంటారు. తర్వాత రెఫరీ వచ్చిన జట్టును వరుసగా నిలబెట్టి, విజిల్ ఊది, రిపోర్టులో ఒక వాక్యం రాసుకుంటాడు. గెలిచారు. కానీ ఆ గెలుపుకు ఒక్కడూ చప్పట్లు కొట్టడు. ఆడదామని వచ్చినవాళ్లు బంతి తాకకుండా షిన్‌గార్డులు విప్పుకుంటారు.

రానివాళ్ల సంగతి నాకు ముందురోజు రాత్రే తెలిసిపోతుంది. కెప్టెన్ ఫోన్ చేస్తాడు. "సార్, రేపు రాలేం. పదకొండు మందిమి అయితలేం. ఇద్దరికి డ్యూటీల లీవ్ ఇయ్యలే. బండి కిరాయికి పైసలు కూడా జమ కాలే. ఏమనుకోకుండ్రి సార్." ఆ గొంతులో నిర్లక్ష్యం నాకెప్పుడూ వినిపించలేదు, సిగ్గే వినిపించింది. ఎంట్రీ ఫీజు కట్టి, జెర్సీలు కొని, నెలల తరబడి ప్రాక్టీసు చేసిన జట్టు చివరికి వ్యాను కిరాయి దగ్గర ఆగిపోతుంది. ఆ మర్నాడు కమిటీలో ఎవరో ఒకరు లేచి, ఆ జట్టుకు జరిమానా వెయ్యాలి, వచ్చే ఏడాది ఎంట్రీ ఇవ్వకూడదు అంటారు. జరిమానా వేస్తే ఆ జట్టు మళ్లీ కనబడదు. డ్రాలో ఒక పేరు తగ్గుతుంది. అలా నాలుగైదు సీజన్లు గడిచేసరికి, ముప్ఫై రెండు జట్ల కప్పు పదహారుకు, పదహారు ఎనిమిదికి దిగుతుంది. ఎనిమిది జట్ల కప్పుకు స్పాన్సర్ దొరకడు. ఆ ఏడాది నుంచి ఇక కప్పే జరగదు.

అదే ఖాతాలో రెండో వైపు చూడండి. ట్రోఫీలు, ఫ్లెక్సీలు, వేదిక, షామియానా, ముఖ్య అతిథులకు శాలువాలు, మెమెంటోలు, విజేతకు ఫోటో కోసం నిలువెత్తు అట్ట చెక్కు. ఇవన్నీ చివరి రోజు ఖర్చులే. మైదానం అద్దె, రెఫరీ ఫీజు, బంతులు, ఫస్ట్ ఎయిడ్ తప్పవు కాబట్టి వాటికి పద్దు ఉంటుంది. జట్ల ప్రయాణానికి మాత్రం పద్దే ఉండదు. ఒక సీజన్‌లో డ్రా తీసి ఫిక్చర్లు పంచేశాక స్పాన్సర్ వెనక్కి తగ్గాడు. కోత దేనికి పెట్టాలన్న మాట వచ్చింది. ఫైనల్ రోజు వేదిక తగ్గిద్దామన్నాను. నా మాట నెగ్గలేదు. బయటి ఊళ్ల జట్లకు ఒప్పుకున్న మధ్యాహ్న భోజనం పోయింది, వేదిక అలాగే ఉంది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతాడన్న సామెత ఇలాంటి లెక్కలు చూసి పుట్టిందే అనుకుంటాను.

ఇది మా చిన్న టోర్నమెంటు గోల మాత్రమే అయితే పత్రికకు ఎక్కించేవాడిని కాదు. దేశస్థాయిలోనూ జట్లు రాక కప్పులు కుంటుపడుతున్నాయి. ఫెడరేషన్ కప్పు 1977లో మొదలై 2017లో ముగిసింది. దాని స్థానంలో 2018లో సూపర్ కప్పు వచ్చింది. మరుసటి ఏడాదే, 2019 మార్చిలో, భువనేశ్వర్‌లో ఆడాల్సిన ఐ-లీగ్ క్లబ్బుల్లో ఏడు తప్పుకున్నాయి. తమ లీగ్ భవిష్యత్తు ఏమిటో చెప్పమని అవి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను అడిగాయి. జవాబు సంతృప్తికరంగా రాలేదని వెళ్లలేదు. కొన్ని క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు వాకోవర్లుగా మారాయి. ఆ తర్వాత ఆ కప్పు మళ్లీ జరిగింది 2023లోనే. 2025 ఏప్రిల్‌లో చర్చిల్ బ్రదర్స్ ఐ-లీగ్ టైటిల్ వివాదంతో తప్పుకుంటే, మోహన్ బగాన్ ఒక్క మ్యాచ్ ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. జరిమానాలు, హెచ్చరికలు అప్పుడూ ఉన్నాయి. అవి జట్లను మైదానానికి రప్పించలేకపోయాయి.

ఇక డ్యూరాండ్ కప్పు. 1888లో సిమ్లాలో పుట్టిన ఈ పోటీ వెనుక సైన్యం ఉంది, మైదానాలున్నాయి, పేరుంది. 2025లో 134వసారి జరిగింది. అలాంటి కప్పుకు కూడా ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) నుంచి వచ్చినవి ఆరు క్లబ్బులే. లీగ్ జరుగుతుందో లేదో తెలియని అయోమయంలో మిగతావి ఆగిపోయాయి. పెద్ద క్లబ్బులు రాకపోతే కప్పు కళ తప్పుతుందని చాలామంది రాశారు. జరిగింది చూడండి. డైమండ్ హార్బర్ అనే క్లబ్బు పుట్టింది 2022లో. కింది డివిజన్లలో ఆడుకుంటూ పైకి వచ్చింది. ఆ జట్టు సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను 2–1తో ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్లో నార్త్ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6–1తో చిత్తుగా ఓడింది, నిజమే. అయినా మూడేళ్ల వయసున్న క్లబ్బు నూరేళ్ల క్లబ్బును ఇంటికి పంపిన ఆ రాత్రి కోసమే నాకౌట్ పోటీలు ఉన్నాయి. లీగ్‌లో అలాంటి క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు ఎదురుపడాలంటే ఏళ్లు పడుతుంది. కప్పులో ఒక డ్రా చీటీ చాలు. అయితే ఆ చీటీలో పేరు ఉన్న జట్టు మైదానానికి రాగలగాలి.

ఈ విషయం హైదరాబాదుకు ఎవరూ నేర్పక్కర్లేదు. బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కూడా మనదే, ఫైనల్లో మోహన్ బగాన్ మీద. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో గెలిచింది. ఆ విజయాల వెనుక కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ప్రతిభ ఉంది, అందరికీ తెలుసు. దాంతోపాటు ఇంకొకటి ఉంది. ఆ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. నెల జీతం వచ్చేది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా వెళ్లాలంటే రైలు ఛార్జీలు డిపార్టుమెంటు చూసుకునేది. రేపు బొంబాయి కూపరేజ్ మైదానానికి ఎలా చేరాలన్న బెంగ వాళ్లకు లేదు. బెంగంతా అవతలి ఫార్వర్డుల గురించే.

ఆ తర్వాత పోలీసు, రైల్వే, బ్యాంకు, సైనిక విభాగాల జట్లు చాలాకాలం ఈ బరువు మోశాయి. మన పాత కప్పులన్నీ ఆ జట్ల మీదే నడిచాయి. కప్పు నడిపేవాడు ట్రోఫీ, మైదానం చూసుకుంటే చాలు, జట్టును తెచ్చే ఖర్చు మరెవరో పెట్టేవారు. స్పోర్ట్స్ కోటా నియామకాలు సన్నగిల్లాక ఆ 'మరెవరో' మాయమయ్యారు. కప్పుల లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. రోవర్స్ కప్పు 2000–01 సీజన్‌తో ఆగిపోయింది. ఢిల్లీలో డీసీఎం ట్రోఫీ అంతకుముందే పోయింది. మన వీధి కప్పులు పోయినప్పుడు ఎవరూ రాసుకోలేదు, అంతే తేడా.

చిన్న పోటీల, దారిఖర్చుల విలువ రహీం సాబ్‌కు తెలుసు. ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. చిన్న పోటీల మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక టోర్నమెంటు, బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో మరొకటి పెట్టించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన ఆట అలాంటి మైదానాల్లో తయారైంది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ గురించి పాతవాళ్లు ఒక మాట చెబుతారు. రోజూ సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చిపోయే స్తోమత తనకు లేదని ఆ కుర్రాడు అంటే, రహీం సాబ్ ఒక సైకిల్ ఏర్పాటు చేయించారట. సైకిల్ దొరక్కపోతే బలరామ్ ఏమయ్యేవాడో నేను చెప్పలేను. మా కప్పుకు రాలేని జట్లలో ఎందరు బలరామ్‌లు ఆగిపోయారో కూడా ఎవరూ చెప్పలేరు. అందుకే దారిఖర్చును చిన్న విషయంగా చూడొద్దంటున్నాను.

చిన్న జట్ల కప్పుకు డబ్బు తిప్పలు మనకే కాదు. ఇంగ్లండ్‌లో మూడో, నాలుగో అంచె లీగ్ క్లబ్బుల కోసం 1983లో ఒక కప్పు పెట్టారు. స్పాన్సర్ మారినప్పుడల్లా దాని పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడు అందరూ ఈఎఫ్ఎల్ ట్రోఫీ అంటారు. దానికీ మొదటి రౌండ్లలో జనం తక్కువే, డబ్బూ తక్కువే. 2016లో డబ్బు కోసం ప్రీమియర్ లీగ్ పెద్ద క్లబ్బుల కుర్ర జట్లను అందులోకి తెచ్చారు. చిన్న క్లబ్బుల అభిమానులు మండిపడి మైదానాలను బహిష్కరించారు. బలమైన జట్టును దించలేదని కొన్ని క్లబ్బులకు జరిమానాలు పడ్డాయి. ఆ పని తప్పని నేనూ అంటాను. చిన్నవాళ్ల కప్పులోకి పెద్దవాళ్లను తెస్తే అది చిన్నవాళ్ల కప్పుగా మిగలదు. కానీ అక్కడ నేర్చుకోవాల్సిన మంచి ఒకటి ఉంది. పాల్గొన్నందుకే ప్రతి క్లబ్బుకూ సొమ్ము ముడుతుంది, గెలిచిన ప్రతి మ్యాచ్‌కూ విడిగా ముడుతుంది. డబ్బంతా చివరి ఇద్దరికే పోదు. ఆ కప్పే 2019లో వెంబ్లీలో పోర్ట్స్‌మత్, సండర్లాండ్ ఆడిన ఫైనల్‌కు 85,021 మందిని రప్పించింది. మూడో అంచె క్లబ్బుల మ్యాచ్ అది. మొదటి రౌండ్లను బతికించుకుంటే ఫైనల్‌కు జనం వాళ్లే వస్తారు.

నా మాటకు ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. స్పాన్సర్ డబ్బు ఇచ్చేది ఫోటో కోసం, పెద్ద ప్రైజ్ మనీ అంకె కోసం. బస్సు కిరాయికి ఎవడిస్తాడు? అడిగే తీరులో అడిగితే ఇస్తారు. జట్టు వచ్చిన వ్యాను మీద స్పాన్సర్ బ్యానర్ కడితే, అది ఊరు దాటి, టోల్‌గేటు దాటి, బస్తీలోకి వస్తుంది. ఫైనల్ రోజు వేదిక వెనక ఫ్లెక్సీని చూసేది అక్కడున్న కొద్దిమందే. ఒక మందుల దుకాణం యజమానిని నేను ఇలాగే అడిగాను. రెండు జట్ల ప్రయాణం ఆయన పెట్టుకున్నాడు. ఆ రెండు జట్లూ వచ్చాయి, ఆడాయి. ఒకటి మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. ఓడిన జట్టు కెప్టెన్ వెళ్లేముందు నా దగ్గరకొచ్చి, వచ్చే ఏడాది డ్రా ఎప్పుడు తీస్తారని అడిగాడు. కోశాధికారిగా నాకు అంతకంటే మంచి వసూలు లేదు.

అంచేత నా సూచనలు ఇవీ. ఎంట్రీ ఫీజును డిపాజిట్‌గా మార్చాలి. జట్టు వచ్చి మ్యాచ్ ఆడితే, గెలిచినా ఓడినా, ఆ డబ్బు ఆ సాయంత్రమే తిరిగివ్వాలి. రాని జట్టుకు జరిమానా బదులు ఆ డిపాజిట్ పోతుంది, అది చాలు. ప్రైజ్ మనీలో కనీసం సగాన్ని బయటి ఊళ్ల జట్ల ప్రయాణానికి, ఒక పూట భోజనానికి ముందే పక్కన పెట్టాలి. మొదటి రెండు రౌండ్లు ఉమ్మడి జిల్లాల వారీగా, దగ్గరి ఊళ్ల మధ్య ఆడించాలి. ఖమ్మం జట్టు హైదరాబాద్ వచ్చి ఒక్క మ్యాచ్ ఓడి వెళ్లడం కంటే, కొత్తగూడెంతో ఆడి గెలిచి రావడం మేలు. మ్యాచ్‌లు ఆదివారాలే పెట్టాలి. ఈ ఆటగాళ్లు రోజుకూలీ పోగొట్టుకుని ఆడేవాళ్లని గుర్తుంచుకోవాలి. పరీక్షల నెలల్లో కప్పు పెట్టకూడదు. రెఫరీ ఫీజు ఆ రోజే చేతికివ్వాలి. టోర్నమెంటు అయిపోయాక జమాఖర్చుల కాగితం అన్ని జట్లకూ పంపాలి. మేం పంపుతున్నాం. ఒక్క కాగితం వల్ల అనుమానాలు సగం పోతాయి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఒకటి అడుగుతున్నాను. కింది డివిజన్ల టోర్నమెంట్లకు ప్రభుత్వ మైదానాల అద్దె మాఫీ చేయండి. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. ఏర్పాట్లు బాగున్నాయి, సంతోషం. అంత పెద్ద పోటీని మన నగరానికి తేగలిగినవాళ్లు, ఏడాది పొడవునా ఆదివారాలు నాలుగు గంటలు మైదానం ఉచితంగా ఇవ్వలేరా? అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ నేర్పించి చూపించింది. నేర్చుకున్న పిల్లలకు ఆడటానికి పోటీలు కావాలి.

పైనుంచి డబ్బు వస్తుందని ఎదురుచూసే కాలం అయిపోయింది. 2010లో సమాఖ్య వాణిజ్య హక్కులిస్తూ పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. అది 2025 డిసెంబరుతో ముగిసింది. కొత్త హక్కుల కోసం టెండరు పిలిస్తే నవంబరు గడువుకు ఒక్కరూ బిడ్ వెయ్యలేదు. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మన నగరాన్ని వదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. ఆ క్లబ్బు పసుపు జెర్సీ వేసుకుని గచ్చిబౌలికి వెళ్లిన పిల్లలు మా కప్పులో ఆడుతున్నారు. వాళ్లకు పై మెట్టు ఇప్పుడు కనబడటం లేదు. ఉన్న మెట్టునైనా ఊడిపోకుండా చూడటం మన పని.

ఈ సీజన్‌కు టోర్నమెంటు పెట్టబోతున్న ప్రతి కమిటీకీ నా విన్నపం ఒక్కటే. బడ్జెట్ రాసేటప్పుడు మొదటి పద్దుగా 'జట్ల ప్రయాణం' అని రాయండి. ఆ పద్దుకు డబ్బు సమకూరాకే డ్రా తీయండి. మిగిలినదాంట్లో ట్రోఫీ కొనండి, చిన్నదైనా ఫర్వాలేదు. జట్లన్నీ వచ్చిన కప్పుకు విలువ అవే తెస్తాయి.